మంచుపెట్టెలో ఒక మూల

సిరొంచల కరెంటు
వచ్చినప్పుడే వచ్చినట్టు.
ఆ సూదిమందులేమో ఎప్పటికీ చల్లగుండాలె.
రెండు నుంచి ఎనిమిది డిగ్రీల నడుమ అని
అట్ట మీద రాసిన్రు,
మా ఎండాకాలం ఎరుకలేనోళ్లు.

మా ఫ్రిజ్జుకు మాపటికే చెమటలు పట్టినయి.
రాజేశం టిఫినుడబ్బ సంకల పెట్టుకొని
బజారంత తిరిగి తిరిగి
చేపల మల్లు కాడ ఆగిండు.

ఏందిది, అనలేదు మల్లు.
బొచ్చెలను జరిపి, వాలుగను కిందికి నూకి
మంచుగడ్డల నడుమ అరచేయంత జాగ చేసిండు.
మందు గడ్డకడ్తదేమోనని
భుజం మీది తువ్వాల తీసి డబ్బకు చుట్టిండు.
మూడు వారాల మందు, నలభై వేల అప్పు
ప్రాణహిత చేపల పక్కన పండుకున్నయి.
రోజూ రాత్రి డబ్బ మూత తీస్తే
నీసు వాసన.
ఇప్పటికీ ఆ వాసనకు
నా చెయ్యి కడుపు మీదికే పోతది.

నేను దర్జీని.
ఎవరి నడుము ఏ నెలల ఎంత పెరిగిందో
వాళ్ల అత్తలకన్న ముందు నా టేపుకే తెలుస్తది.
దినమంత సూదితోని బతికేదాన్ని,
నా తోలుకు నేనే సూది గుచ్చుకోవాలంటే
చెయ్యి గాలిలనే ఆగిపోయింది.

సుమన్ తాయి వచ్చేది ఎనిమిదింటికి,
రిటైరైన నర్సమ్మ, మోకాళ్లు పట్టుకుంట, మెట్టు మెట్టుకు శాపనార్థం పెట్టుకుంట.
చిన్న టార్చి పండ్ల నడుమ పట్టుకొని
సగం మరాఠీల తిట్టి
సగం తెలుగుల నవ్వించి
నేను కండ్లు మూసుకునే లోపట్నే అయిపోగొట్టేది.
ఒకనాడు పైసలు చేతుల పెట్టబోతే
కోపమొచ్చింది ఆమెకు:
"వెయ్యి కాన్పులు చేసిన ఈ తాలూకల,
అన్నీ ఆఖరు గడియలనే పిలిచినయి.
ఒక్కదానికన్న మొదలు చూడనియ్యవా?"

కరీంనగర్ దవాఖానల
పేరు తెల్వని పిల్ల ఒకతె ఉండె.
తెల్లారకముందే ఫోన్ చేసి
"అక్కా, మూడు బతికినయి, ఒకటి చానా మంచిగున్నది" అన్నది,
తన పొలంల మొలకలు చూసొచ్చినట్టు.
ఆమె మొఖం నేనెప్పుడూ చూడలేదు. మాస్కు.

తిరిగొచ్చేనాడు ఎర్రబస్సుల
కండక్టర్ కన్నాకె ముందు సీటు ఖాళీ చేయించి
డ్రైవరుకు కేకేసిండు:
"జర మెల్లగ! గాజుసామాను ఉన్నది బండిల."
జనం సీట్ల కింద వెతికిన్రు.

కాళేశ్వరం కాడ, కిటికీల నుంచి చూస్తే
ఘాటు మీద ఎవరో పిండం పెడుతున్నరు.
నాకూ పొద్దుగాల పెట్టింది పిండమే.
ఒకటే మాట మనకు,
పోయినోళ్లకూ రావల్సినోళ్లకూ.
బస్సు వంతెన ఎక్కింది.
నీళ్లను చూడలేదు నేను, బస్సు గుంతలనే లెక్కపెట్టిన.

పద్నాలుగోనాడు
రక్తం కాదన్నది.

సుమన్ తాయి రెండు దినాలు రాలేదు.
మూడోనాడు వచ్చి, ఏమనలేదు,
జాకెట్టుకు కొలతలు తీయమన్నది.
పోయిన నెలనే తీసిన ఆ కొలతలు.
చేతులెత్తి నిలబడ్డది ముసల్ది, నేను టేపు చుట్టిన,
చుట్టినదాన్ని అట్లనే ఉండిపోయిన.

కార్తీకం దాటినంక చేపలకు పోయిన.
మల్లు పెట్టె తెరిచిండు.
నిండ చేపలు, ఒక్క మూల తప్ప.
మడతపెట్టిన తువ్వాల అట్లనే ఉన్నది ఆడ.
"ఇదేంది మల్లన్నా?"
"ఉండనీ బిడ్డా, ఆ జాగల పట్టేది ఒక్క చేప."

ఏమియ్యాలె ఇసొంటోళ్లకు?
నాకొచ్చింది కుట్టుడొక్కటే.
లారీ తాటిపత్రి కోసి
మంచుపెట్టెకు కొత్త గౌసెన కుట్టిన,
అంచులకు రెండేసి కుట్లు,
లోపట ఒక చిన్న జేబు.
మల్లు దాంట్ల చెయ్యి పెట్టి చూసి
"తువ్వాల పడ్తది" అన్నడు.